ఒక మనిషి, ఒక ఫోను, ఒక చిట్టీ

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆయన గురించి అలా మొదలుపెడితే ఆయనే ఒప్పుకోడు. "గా మాట మీకెవరు చెప్పిండ్రు? మీరు చూసిండ్రా?" అని అడుగుతాడు. అందుకని నేను చూసిందే రాస్తాను. చూడకుండా రాసిచ్చిన కాగితం ఒకటుంది. దాని సంగతీ చెబుతాను, కాస్త ఆగి.

ఆ మధ్య ఒకరోజు రజిత ఫోన్ చేసింది. రజిత నా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి, చెన్నూరు పిల్ల. ఇప్పుడు కాగజ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతోంది. "మేడం, నెట్టు సారు పోయిండు. గుండెల నొప్పి లేసిందట, దవాఖాన దాక సుత పోలే" అంది. నాకు మొదట ఏమనిపించిందో చెబితే నా గురించి ఏమనుకుంటారో తెలియదు. నిజంగానే పోయాడా, ఎవరు చూశారు అనిపించింది. అంటే ఆయన గాలి నాకూ సోకిందన్నమాట. రెండో ఆలోచన, ఈ పిల్ల ఈ కబురు పనిగట్టుకుని నాకెందుకు చెబుతోంది, నన్నేం అడగాలని అనుకుంటోంది అని. అది మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నది కాదు, నా సొంతం.

ఆయన మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. సదస్సులకు బయటి నుంచి వచ్చిన అతిథులకు ఇంటర్నెట్ ఇచ్చే పని ఆయనది. అందుకే అందరూ నెట్టు సారు అనేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు, తెల్లచొక్కాకు మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకునేవాడు. వెనక నుంచి ఎవరూ తెర చూడకుండా బల్లను మూలకు జరిపించి, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే జేబులోంచి దస్తీ తీసి కీబోర్డు మీద కప్పి, దాని కింద వేళ్లు ఆడించేవాడు. గదిలో ఆయన తప్ప ఎవరూ లేనప్పుడు కూడా అలాగే చేయడం నేను కిటికీలోంచి చూశాను.

మిగతా చోట్ల ఈ పని ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తారు, వచ్చినవాళ్లు చూసి కొట్టుకుంటారు. ఆయన దగ్గర అలా నడవదు. ఒక మనిషికి, ఒక ఫోనుకు, ఒక చిట్టీ, దాని మీద ఆ ఒక్క ఫోనుకే పనిచేసే పాస్‌వర్డ్. ఎంత పెద్ద అతిథి అయినా స్వయంగా రావాలి, ఆధార్ కార్డు తేవాలి. ఆ కార్డును ఆయన కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాడు. ఫోటో చూసి, మొహం చూసి, మళ్లీ ఫోటో చూసి "గిది మీరేనా?" అని అడిగేవాడు. అవునంటే చాలదు, ఎప్పుడు దిగిన ఫోటో అని కూడా అడుగుతాడు. ఆ తర్వాత పొడుగు రిజిస్టర్ తెరిచి పేరు, ఊరు, వచ్చిన టైం రాయించి సంతకం పెట్టించేవాడు. సంతకం పెట్టేంతసేపూ మీ ఫోన్ ఆపేసి ఆయన బల్ల మీద పెట్టాలి. పక్కనున్న చిట్టీలను మీరు ఫోటో తీయకుండా అన్నమాట. సాయంత్రం వెళ్లేటప్పుడు చిట్టీ తిరిగి ఇవ్వాలి, ఇంకో సంతకం పెట్టాలి. ఆ చిట్టీని నాలుగు ముక్కలు చేసి రెండు ముక్కలు చొక్కా జేబులో, రెండు ముక్కలు ప్యాంటు జేబులో వేసుకునేవాడు.

ఆఫీసులో ఆయన మీద జోకులకు కొదవ లేదు. అటెండర్ ఆయన గది గుమ్మంలో నిలబడి "నేను నేనే సార్, లోపటికి రావచ్చునా?" అనేవాడు. ఆయన నవ్వేవాడు కాదు, తల పైకెత్తి మొహం చూశాకే రమ్మనేవాడు. కొండగట్టుకు పోయినా ఒక చెప్పు ఈ చివర, ఇంకో చెప్పు ఆ చివర విడిచి అంజన్నకు దండం పెట్టుకుంటాడని చెప్పుకునేవారు. ఇది నేను చూడలేదు, విన్నదే. కానీ నమ్మాను.

ఒక సంగతి మాత్రం చూశాను. తను ఇంటర్నెట్ వాడుకోవాల్సి వచ్చినా తనకు తనే చిట్టీ రాసుకునేవాడు. రిజిస్టర్‌లో ఇచ్చినవాడి గడిలో ఒక సంతకం, తీసుకున్నవాడి గడిలో ఇంకో సంతకం, రెండూ తనవే. తన ఫోన్ కూడా ఆపి బల్ల మీద పెట్టేవాడు. ఇదేం చాదస్తమని నేను నవ్వితే "నా మీద నాకు మాత్రం ఏం నమ్మకమున్నది మేడం" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు మొహంలో వేళాకోళం ఏమీ లేదు.

నాకు ఆయనంటే పడేది కాదు. ఇంతగా అందరినీ అనుమానించే మనిషి లోపల ఏదో ఉండి ఉంటుందని నా లెక్క. ఒకసారి మోకాళ్ల నొప్పులకు ఏ వ్యాయామం మంచిదో నా గదిలోని కంప్యూటర్‌లో వెతికాను. మర్నాడు కారిడార్‌లో ఎదురుపడి "మోకాళ్లు జర మంచిగైనయా మేడం?" అన్నాడు. మేమంతా ఏం చూస్తున్నామో, ఎవరికి ఏం రాస్తున్నామో ఈయన చదువుతున్నాడని నిర్ణయించుకున్నాను. వారం రోజులుగా నేను కుంటుతూ నడుస్తున్నానని, కళ్లున్నవాడెవడైనా ఆ మాట అడుగుతాడని అప్పుడు తట్టలేదు. గదికి పోయి కంప్యూటర్‌లో పాత వెతుకులాటలన్నీ తుడిచేశాను.

ఆ ఏడు మేము గల్ఫ్ వలసల మీద రెండు రోజుల సదస్సు పెట్టాం. కన్వీనర్‌ని నేను. మా వైపు ఏ వాడలో చూసినా దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్లు ఉంటారు కాబట్టి దూరాల నుంచి చాలామంది వచ్చారు. సెమినార్ హాల్ నేల కింది అంతస్తులో ఉంటుంది, లోపల ఫోన్‌కు సిగ్నల్ అందదు. ఉపన్యాసాల ఫైళ్లు తెప్పించుకోవాలన్నా, ఇంటికి కబురు పంపాలన్నా నెట్టు సారు చిట్టీయే దిక్కు. ఆయన గదేమో గ్రౌండ్‌కు అవతల. మొదటి రోజు పొద్దున అతిథులంతా ఎండలో గ్రౌండ్ దాటి ఆయన గుమ్మం ముందు వరుస కట్టారు.

ఆ వరుసలో ఒక పెద్ద ప్రొఫెసర్ ఉన్నారు. ప్రారంభోపన్యాసం ఆయనదే. ఆయన కార్డును కూడా నెట్టు సారు వెలుతురుకు పట్టి "గిది మీరేనా?" అన్నాడట. ప్రొఫెసర్ నా దగ్గరికి వచ్చి, ఎన్నో దేశాలు తిరిగాను, నేను నేను కాదేమోనని ఇంతవరకు ఎవరూ అనుమానించలేదమ్మా అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. విసవిసా గ్రౌండ్ దాటిపోయి, అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్ ఇమ్మని నెట్టు సారును అడిగాను.

"ఎవరి పేరు మీద ఇయ్యాలె మేడం?"

"యూనివర్సిటీ పేరు మీద ఇయ్యుండ్రి."

"యూనివర్సిటీ వచ్చి సంతకం పెడ్తదా?"

అక్కడి నుంచి రిజిస్ట్రార్ దగ్గరికి పోయాను. అతిథులకు ఇబ్బంది కాకుండా చూడండి అని ఆయన నోటిమాటగా చెప్పారు. అదే ముక్క కాగితం మీద రాసివ్వమంటే, దీనికి కూడా కాగితం ఎందుకమ్మా అన్నారు. కాగితం లేనిదే నెట్టు సారు కదలడు. హాల్లోకి తిరిగి వచ్చేసరికి అతిథులు ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం గోడల వెంట తిరుగుతున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. రజితను పిలిచి, నీ లాగిన్, పాస్‌వర్డ్ బోర్డు మీద రాసెయ్ అన్నాను.

రీసెర్చ్ స్కాలర్లకు ఎవరి లాగిన్ వాళ్లకు ఉంటుంది. దాని మీద ఎన్ని ఫోన్లయినా కలుస్తాయి. మా దగ్గర ఇదేం కొత్త కాదు. ఎవరో అడుగుతారు, ఎవరో తమది ఇస్తారు, చుట్టం వస్తే కూర్చోవడానికి కుర్చీ వేసినట్టే. ఇవ్వనంటే మర్యాద కాదు. తన పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకునే పిల్లను పొగరుబోతు అనేస్తాం. ఆ రోజు రజిత ఒక్క క్షణం ఆగింది. "మేడం, నా పేరు మీద..." అని నసిగింది. "రెండు రోజులే గదా బిడ్డా, ఏమైతది?" అన్నాను. గైడ్ చెప్పాక కాదనే స్కాలర్ ఎక్కడుంటుంది? స్వాగతం అని రాసిన బోర్డు మీదే, ఆ అక్షరాల కింద, తన పేరూ పాస్‌వర్డూ గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ పిల్ల ఆగిన ఆ క్షణాన్ని నేను గమనించలేదని చెప్పుకోలేను.

పదకొండింటికి నెట్టు సారు హాల్లోకి వచ్చాడు. బోర్డు చూశాడు, నన్ను చూశాడు. రజిత దగ్గరికి పోయి "గిది నీదేనా బిడ్డా?" అని అడిగాడు. తను తల ఊపింది. ఆయన తన గదికి వెళ్లి, పొడుగు రిజిస్టర్ చంకలో పెట్టుకుని తిరిగి వచ్చి, చివరి వరుసలో కూర్చున్నాడు. ఆ రోజూ మర్నాడూ అక్కడే. ఒక ఫోన్ పట్టుకుని అందులో ఏదో చూడటం, తలెత్తి జనాన్ని చూడటం, రాసుకోవడం. నా మీద రిజిస్ట్రార్‌కు ఇవ్వడానికి ఫిర్యాదు తయారు చేసుకుంటున్నాడని అనుకున్నాను. ఉపన్యాసాలు నా చెవికెక్కలేదు, ఆయన కలం కదిలినప్పుడల్లా నా చూపు అటే పోయేది.

రెండో రోజు మధ్యాహ్నం మస్కట్ నుంచి ఒక కార్మికుడు వీడియోలో మాట్లాడాలి. రజిత లాగిన్ మీద అన్ని ఫోన్లు కలిసేసరికి హాల్లో నెట్ నత్తలా పాకుతోంది. హాల్లోని కంప్యూటర్‌కు వేరే చిట్టీ తీసుకురమ్మని రజితను పన్నెండున్నర ప్రాంతంలో పంపాను. ఆ పిల్ల వెనకే నెట్టు సారు కూడా లేచి తన గదికి పోయాడు. పది నిమిషాల పని. పిల్ల నలభై నిమిషాలకు వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందంటే, ఫోన్ బల్ల మీద పెట్టించుకున్నాడని, బోర్డు చూసి కలిసినవాళ్లలో నీకు ఎరుకైనోళ్లు ఎందరు, ఎరుకలేనోళ్లకు నీ పేరెందుకు ఇచ్చినవ్ అని అడిగిందే అడిగాడని, ఏడుపొచ్చిందని చెప్పింది.

భోజనాల దగ్గర ఆయన కనబడగానే నేను ఆగలేకపోయాను. అతిథులంతా ప్లేట్లు పట్టుకుని చూస్తుండగా గొంతు పెంచి అడిగాను, ఆడపిల్లను నలభై నిమిషాలు అట్ల నిలబెడతారా అని.

"ఆడపిల్ల అని నిలవెట్టలే మేడం" అన్నాడు. ఆయన గొంతు పెరగలేదు. "ఆమె పేరు మీద ఇరవై మూడు ఫోన్లు నడుస్తున్నయి. గందుకు నిలవెట్టిన."

మూడు వారాలకు పోలీసుల దగ్గర నుంచి రిజిస్ట్రార్‌కు ఉత్తరం వచ్చింది. సదస్సు రెండో రోజు పన్నెండూ నలభైకి ఎవరో దొంగ ఖాతాలోంచి వేరే జిల్లాలోని ఒక మహిళా లెక్చరర్ ఫోటో పెట్టి, కింద బూతులు రాశారు. ఆమె ఫిర్యాదు చేసింది. ఆనవాలు పట్టుకుంటూ వస్తే మా యూనివర్సిటీ తేలింది, మా దగ్గర వెతికితే రజిత లాగిన్ తేలింది. రిజిస్ట్రార్ రజితనూ నన్నూ పిలిచి, విచారణ అయ్యేదాకా రజిత పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఆపేస్తామన్నారు. కేసు పెడితే ఇక ఆ చదువు అంతే.

రజిత ఇంట్లో పదో తరగతి దాటింది తనొక్కతే. వాళ్ల బాపు దుబాయిలో ఉంటాడు, అమ్మ బీడీలు చుడుతుంది. ఆ పిల్ల వచ్చి నా గదిలో కుర్చీ అంచున కూర్చుంది. "మేడం, బోర్డు మీద రాయుమన్నది మీరే అని చెప్పుమంటరా?" అని అడిగింది. బెదిరింపు కాదు అది, నిజంగానే నా అనుమతి అడిగింది. తొందరపడకు, చూద్దాం అన్నాను.

ఆ మధ్యాహ్నమే నాకు అనుమానం పుట్టింది. అవసరానికి పుట్టే అనుమానాలు భలే చురుగ్గా ఉంటాయి. పన్నెండూ నలభైకి రజిత ఫోన్ ఎక్కడుంది? నెట్టు సారు బల్ల మీద. నేను తనను పక్కనపెట్టి పాస్‌వర్డ్ బోర్డుకెక్కించానని ఆయనకు కోపం ఉంది. ఆ పిల్ల మీద నింద వేస్తే అది నాకు తగులుతుంది. ఇంకేం కావాలి? ఒకటిన్నర పేజీ రాశాను. స్కాలర్‌ను నలభై నిమిషాలు నిర్బంధించాడని, ఫోన్ లాక్కున్నాడని, ఆ సమయంలో ఆ ఫోన్‌లోంచి ఈ పని చేసి ఉంటాడని. బోర్డు ఊసు అందులో ఎత్తలేదు. ఫోన్ ఆపి ఉందా లేదా అని రజితను అడగలేదు. అదే కారిడార్‌లో, ఆయన గదికి నలభై అడుగుల దూరంలోని నా గదిలో కూర్చుని రాస్తూ ఆయననూ అడగలేదు. అరగంటలో పని అయిపోయింది, సంతకం పెట్టి పంపాను.

విచారణకు ముగ్గురు సభ్యులు. ఆయన రిజిస్టర్‌ను పేపర్లో చుట్టుకుని తెచ్చాడు. నా ఉత్తరం వాళ్లు పైకి చదివారు. ఆయన విన్నంతసేపూ నన్నే చూశాడు, ఆధార్ ఫోటో చూసి మొహం చూసినట్టు. నేను కిటికీ బయటికి చూశాను.

తర్వాత రిజిస్టర్ తెరిచాడు. ఆ రెండు రోజులూ రజిత లాగిన్ మీద కలిసిన ఒక్కో ఫోన్ ఏ రకందో, ఏ టైంకు కలిసిందో, హాల్లో కూర్చుని ఫోన్‌లో చూసి రాసుకున్నదంతా అందులో ఉంది. పేర్లు తెలియవు కాబట్టి పక్కన మనిషి గుర్తులు రాసుకున్నాడు. "నీలం అంగి, ముందటి వరుస, బట్టతల" అన్నది ప్రారంభోపన్యాసం చేసిన ప్రొఫెసర్. సభ్యులు నవ్వు ఆపుకున్నారు. "తెల్ల అంగి, గోడ పక్క మూడో కుర్చీ, మెడల రెండు ట్యాగులు" అని ఇంకొకటి. ఆ తర్వాతి పేజీలో చిట్టీల లెక్క. రజిత పన్నెండూ ఇరవై ఎనిమిదికి వచ్చింది, ఫోన్ బంద్ చేసి బల్ల మీద పెట్టింది, రజిత సంతకం. ఒకటీ ఏడుకు ఫోన్ తిరిగి తీసుకుంది, రజిత సంతకం.

"ఫోను బంద్ ఉన్నది. పిల్ల నా ముంగట ఉన్నది" అన్నాడు. "నేను పిల్లను నమ్మిన అంటలే సార్. చూసిన అంటున్న."

అయితే నిన్నెవరు చూశారు అని ఒక సభ్యుడు గట్టిగానే అడిగాడు. ఆయన ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు పేజీలో కింది వరుస చూపించాడు. ఆ నలభై నిమిషాలూ తన ఫోన్ కూడా బంద్ చేసి రజిత ఫోన్ పక్కనే పెట్టాడు, ఆ సంగతి రాసి దాని కింద రజిత చేతనే సంతకం పెట్టించుకున్నాడు. ఏడుస్తూ పెట్టిన సంతకం కాబోలు, అక్షరాలు వంకరగా ఉన్నాయి. నేనూ చూశాను. నేను దోషమని రాసిచ్చిన నలభై నిమిషాలే ఆ పిల్లకు సాక్ష్యం అయ్యాయి.

పోలీసులు ఆ పేజీలు ఫోటో తీసుకుపోయారు. ఆ పోస్టు పెట్టిన ఫోన్ రకాన్నీ దాని పక్కన ఆయన రాసుకున్న గుర్తుల్నీ కలిపి చూస్తే పది రోజుల్లో తెల్ల అంగి మనిషి దొరికాడు. ఆ లెక్చరర్ పనిచేసే కాలేజీవాడేనట, సర్టిఫికెట్ కోసం మా సదస్సుకు వచ్చాడు. రజిత రిజిస్ట్రేషన్ మళ్లీ నిలబడింది. తను స్వీట్ల డబ్బా కొని ముందు నెట్టు సారు గదికి పోయింది, తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఆ వరుస నాకు గుర్తుండిపోయింది.

కానీ కమిటీ నివేదికలో ఆయన మీద రెండు వాక్యాలు మిగిలాయి. అనుమతి లేకుండా అతిథుల వివరాలు రాసుకున్నాడని ఒకటి. కన్వీనర్ లిఖితపూర్వక ఫిర్యాదు ప్రకారం మహిళా స్కాలర్‌ను నిలబెట్టి ఫోన్ తీసుకున్నాడని రెండోది. కాంట్రాక్టుల రెన్యువల్ జాబితా రావడానికి ఇంకా నెల ఉంది. ఆ నెలలో ఏ రోజైనా నేను పోయి నా ఉత్తరం వెనక్కి తీసుకుంటానని చెప్పి ఉండవచ్చు. ఎందుకు వెనక్కి తీసుకుంటున్నావని అడుగుతారు. అడిగితే పాస్‌వర్డ్ బోర్డు మీద ఎవరు రాయించారన్నది బయటికొస్తుంది. భయపడ్డాను. అది కమిటీ వాళ్లు చూసుకునే విషయం అని నాకు నేనే చెప్పుకున్నాను. జాబితాలో ఆయన పేరు లేదు.

పోయే ముందు అన్ని డిపార్ట్‌మెంట్లలో సంతకాలు తీసుకోవాలి కదా, ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. నేను పెట్టిన సంతకాన్ని అలవాటుగా ఒకసారి పరికించి చూశాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అప్పటి పరిస్థితి అట్లున్నది సార్, ఏమీ అనుకోకండి అన్నాను.

"అనుమానపడ్డందుకు మిమ్మల్ని ఏమనను మేడం. నాకు సుత అందరి మీద ఉంటది" అన్నాడు. కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అనుమానపడ్డంక చూసుకోవాలె గదా. మీరు చూసుకోకుంటనే సంతకం పెట్టిండ్రు."

బయటికి పోతూ నా గది తలుపు దగ్గరగా వేసి, పడిందా లేదా అని ఒకసారి లాగి చూసి మరీ వెళ్లాడు. ఆ తర్వాత నేను ఆయనను చూడలేదు. కాగజ్‌నగర్‌లో సొంతింటికి పోయాడని రజిత చెప్పింది. తను అప్పుడప్పుడు వాళ్లింటికి వెళ్లేదట. ఆయన ఎట్లున్నాడని నేను ఏనాడూ అడగలేదు, నా గురించి ఏమైనా అన్నాడా అన్నది మాత్రం అడగాలని ఉండేది.

ఆయన పోయి పదకొండు రోజులు దాటాక పెద్దపల్లిలో రైలెక్కి కాగజ్‌నగర్ వెళ్లాను. ఎందుకు వెళుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. పోయిన మనిషి ఇంటికి పోయి నాలుగు మంచి మాటలు చెప్పి వస్తే లోపలి ముల్లు ఊడుతుందనుకున్నానేమో. అదే అయితే అది ఆయన కోసం చేసిన ప్రయాణం కాదు. రజిత స్టేషన్‌కు వచ్చి తీసుకుపోయింది.

ఆయన భార్య గుమ్మంలోనే ఆపి "ఎవలు?" అని అడిగింది. నేను తన పీహెచ్‌డీ గైడునని, యూనివర్సిటీ నుంచి వచ్చానని రజిత చెప్పింది. ఆమె నన్ను తేరిపార చూసి, కూర్చోమని కుర్చీ వేసింది. గోడ మీద ఆయన ఫోటో, మెడ దగ్గరి గుండీతో సహా. నేను చెప్పాలనుకున్న మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టాను. పనిలో నిక్కచ్చి మనిషి అన్నాను, అలాంటివాళ్లు ఇప్పుడు లేరన్నాను. ఆమె అన్నీ వింది, అవునని గానీ కాదని గానీ అనలేదు. అప్పుడు ఆమె అడిగింది.

"గంత మంచిగ చేసేటోడైతే గాడ పనిల నుంచి ఎందుకు తీసిండ్రు మేడం? మీకేమన్న ఎరుకనా?"

రజిత నేల చూపులు చూస్తోంది. ఎరుక లేదక్కా అన్న మాట నా నోటిదాకా వచ్చి సిద్ధంగా ఉంది. కాంట్రాక్టు ఉద్యోగాలు అట్లనే ఉంటాయి అంటే సరిపోతుంది, ఎవరూ పోయి చూడరు. అడిగి తేల్చుకునే మనిషి ఫోటోలో ఉన్నాడు.

"ఎరుకనే అక్కా" అన్నాను. "నేను రాసిచ్చిన కాగితం మీద తీసిండ్రు. అండ్ల నేను రాసింది నిజం కాదు. తర్వాత ఎరుకైనంక సుత నేను నోరు మూసుకున్న."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, నా మీద అరవలేదు. కొంగు సర్దుకుంది.

"ఆయన చెప్పిండు మేడం" అంది. "మీరు చెప్తరా చెప్పరా అని చూసిన."

అప్పటికి మేము వచ్చి అరగంట దాటింది. ఆమె అప్పుడు లేచి, లోపలికి వెళ్లి, నాకు తాగడానికి నీళ్లు తెచ్చింది.